సిక్కోలు, విజయనగరం రోడ్లకు సరిపడే ఎస్‌యూవీని ఎంచుకోవడం ఎలా?

శ్రీకాకుళం, విజయనగరం, పలాస, సాలూరు ఏ ఊరివారైనా నన్ను అడిగే ప్రశ్న ఒక్కటే: "పన్నెండు లక్షల్లో మంచి ఎస్‌యూవీ ఏది?" దీనికి ఒక బండి పేరు చెప్పి ఊరుకోవడం నాకు ఎప్పుడూ సరైన జవాబుగా తోచలేదు. శ్రీకాకుళం నుంచి పైడిభీమవరం ఫ్యాక్టరీకి రోజూ జాతీయ రహదారి మీద వెళ్లి వచ్చే ఉద్యోగికి నప్పే బండి, గుమ్మలక్ష్మీపురం కొండదారుల్లో సిమెంటు బస్తాలతో తిరిగే కాంట్రాక్టరుకు నప్పదు. విజయనగరం గంటస్తంభం చుట్టుపక్కల సందుల్లో ఇల్లున్న ఉపాధ్యాయురాలికి ఈ రెండూ నప్పకపోవచ్చు. అందుకే పేరుతో కాకుండా, పేరు దాకా మిమ్మల్ని చేర్చే పద్ధతితో ఈ వ్యాసం రాస్తున్నాను. దీనికి సుమారు నెల రోజుల సమయం పడుతుంది. పది, పదిహేను లక్షలు పెట్టి కొని ఎనిమిదేళ్లో పదేళ్లో వాడుకునే వస్తువుకు ఆ మాత్రం సమయం కేటాయించండి.

కావలసినవి

ఒక నోటు పుస్తకం, కొలత టేపు, మీ గేటు వెడల్పు, బండి నిలిపే స్థలం పొడవు వెడల్పుల కొలతలు, గత ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంటు, ఇంట్లో తరచూ ప్రయాణం చేసే అందరి రెండు గంటల సమయం. చివరిది చాలామంది వదిలేస్తారు. బండి నడిపేవారు ఒక్కరే షోరూమ్‌కు వెళ్లి తీసుకున్న నిర్ణయానికి వెనుక సీటులో కూర్చునేవారు ఏళ్ల తరబడి ఇబ్బంది పడుతుంటారు.

1. నెల రోజుల ప్రయాణాలు రాయండి

షోరూమ్ మెట్లు ఎక్కకముందే, ఒక నెల పాటు మీ ఇంటివారు చేసిన ప్రతి ప్రయాణాన్ని రాయండి. బస్సులో, ఆటోలో, బైకు మీద, అద్దె కారులో వెళ్లినవి కూడా కలపండి. ప్రతి వరుసలో నాలుగు విషయాలు చాలు: ఎన్ని కిలోమీటర్లు, ఎంతమంది, ఏం సామాను, ఎలాంటి రోడ్డు. రోడ్డును నాలుగు రకాలుగా గుర్తించండి: జాతీయ రహదారి, పట్టణం, పల్లె రోడ్డు, కొండదారి. పొలానికి వెళ్లే గోర్జి, వానాకాలంలో గెడ్డ పొంగే కాజ్‌వే వంటివి మీ దారిలో ఉంటే వాటిని విడిగా రాయండి.

నెలాఖరున కూడిక వేసి చూసినప్పుడు చాలామంది ఆశ్చర్యపోతారు. "మేము అరకు ఎక్కువగా వెళ్తాం" అని చెప్పేవారి పుస్తకంలో ఎస్.కోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కిన వరుస ఒక్కటి కూడా ఉండదు. ఉన్నదంతా పిల్లల బడి, మార్కెట్టు, ఆసుపత్రి, నెలకు రెండుసార్లు విశాఖపట్నం. మీ డబ్బు ఏ రోడ్డు మీద ఖర్చు కావాలో ఆ పుస్తకమే చెబుతుంది. ఏడాదికి రెండుసార్లు చేసే ప్రయాణం కోసం మూడు వందల రోజులు అనవసరపు బరువును, వెడల్పును, ఇంధనాన్ని మోయవద్దు.

సంక్రాంతికి, విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి బంధువులందరినీ తిప్పడం కోసం ఏడు సీట్ల బండి కావాలనుకుంటున్నారా? ఆ నాలుగు రోజులకు ఒక బండి అద్దెకు తీసుకుంటే అయ్యే ఖర్చును, ఏడు సీట్ల బండికి అదనంగా పెట్టే ధరతో పోల్చండి. చాలా ఇళ్లలో అద్దె బండే గెలుస్తుంది. మూడో వరుస నిండితే డిక్కీలో రెండు సంచులకు మించి పట్టవన్న సంగతి కూడా గుర్తుంచుకోండి. ఒకవేళ ఆరేడుగురు వారంవారం ప్రయాణించే కుటుంబమే మీదైతే, ఎస్‌యూవీ అన్న పేరును పట్టుకోకుండా ఎర్టిగా, కారెన్స్ వంటి కుటుంబ వాహనాలను కూడా కూర్చుని చూడండి.

2. బడ్జెట్‌ను ఆన్‌రోడ్ ధరలో నిర్ణయించండి

ప్రకటనలో కనిపించేది ఎక్స్‌షోరూమ్ ధర. మీ జేబులోంచి పోయేది ఆన్‌రోడ్ ధర. ఈ రెండింటి మధ్య జీవిత పన్ను, బీమా, రిజిస్ట్రేషన్ రుసుములు, ఫాస్టాగ్ ఉంటాయి. ధర పది లక్షలు దాటితే మూలంలో వసూలు చేసే ఒక శాతం పన్ను కూడా ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో జీవిత పన్ను ధరలో పదో వంతుకు పైగానే ఉంటుంది, ధర పెరిగిన కొద్దీ శాతమూ పెరుగుతుంది. అందువల్ల 11 లక్షల ఎక్స్‌షోరూమ్ బండి మన జిల్లాల్లో రోడ్డెక్కేసరికి 13 లక్షలు దాటడం మామూలే. ఆ ఒక శాతం పన్నును ఆదాయపు పన్ను రిటర్నులో చూపించి సర్దుబాటు చేసుకోవచ్చు కాబట్టి, బిల్లు మీద మీ పాన్ నంబరు సరిగా ఉందో లేదో చూసుకోండి.

అప్పు తీసుకునేవారు నెలవారీ కిస్తీ ఒక్కటే చూసి మోసపోతుంటారు. పది లక్షల అప్పుకు 9 శాతం వడ్డీ మీద అయిదేళ్లకైతే కిస్తీ సుమారు 20,760 రూపాయలు. ఏడేళ్లకైతే సుమారు 16,090 రూపాయలు. రెండోది తేలికగా కనిపిస్తుంది గానీ, మొత్తం వడ్డీ సుమారు రెండున్నర లక్షల నుంచి మూడున్నర లక్షలకు పెరుగుతుంది. నా అభిప్రాయం సూటిగా చెబుతాను: అయిదేళ్ల కిస్తీ మీకు బరువనిపిస్తే ఆ బండి మీ బడ్జెట్‌కు మించినదే. కిస్తీతో పాటు నెలకు ఇంధనం, సంవత్సరానికి సర్వీసు, బీమా, నాలుగైదేళ్లకొకసారి టైర్లు కలిపి, ఆ మొత్తాన్ని నెలకు పంచి, మీ బ్యాంకు స్టేట్‌మెంటు పక్కన పెట్టి చూడండి. ఆరు నెలల పాటు ప్రతి నెలా అంత మొత్తం మిగిలి ఉందా? లేకపోతే ఒక మెట్టు దిగండి.

ప్రత్యామ్నాయం: అదే డబ్బుకు మూడు, నాలుగేళ్లు వాడిన పెద్ద బండి దొరుకుతుంది. ఇది మంచి దారే, అయితే మూడు షరతులు పాటించండి. సర్వీసు చరిత్రను కంపెనీ సర్వీసు సెంటరులో బండి నంబరుతో కనుక్కోండి. అప్పు మీద కొన్న బండి అయితే బ్యాంకు నిరభ్యంతర పత్రం, రిజిస్ట్రేషన్‌లో అప్పు నమోదును తీసేయించే ఫారం 35 చేతికి వచ్చిన తర్వాతే పూర్తి డబ్బు ఇవ్వండి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను ఉద్దానాన్ని ఎలా ముంచిందో చూసినవాళ్లం కాబట్టి, నీట మునిగిన బండ్లను గుర్తుపట్టడం నేర్చుకోండి: సీటు బెల్టును చివరిదాకా లాగి మురికి గీత ఉందేమో చూడండి, కాళ్ల కింద కార్పెట్టు ఎత్తి తుప్పు, బురద వాసన ఉన్నాయేమో చూడండి, సీటు కింద బోల్టులను పరీక్షించండి. 2023 ఏప్రిల్‌కు ముందు తయారైన పెట్రోలు బండి అయితే, 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలుకు అది తగినదో కాదో యజమాని కరపుస్తకంలో చదవండి.

3. పన్ను గీత ఎక్కడుందో తెలుసుకోండి

ఈ ఒక్క విషయం తెలియక చాలామంది రెండు బండ్ల ధరల మధ్య తేడాకు కారణం అర్థం కాక తికమకపడతారు. 2025 సెప్టెంబరు 22 నుంచి అమల్లోకి వచ్చిన జీఎస్‌టీ ప్రకారం, పొడవు 4 మీటర్లకు మించకుండా, పెట్రోలు ఇంజిను అయితే 1200 సీసీ, డీజిల్ ఇంజిను అయితే 1500 సీసీ లోపు ఉన్న బండికి 18 శాతం పన్ను. వీటిలో ఏ ఒక్కటి దాటినా 40 శాతం. విద్యుత్ బండికి 5 శాతం. పన్నుకు ముందు ధర 8 లక్షలు ఉన్న బండి 18 శాతంతో 9 లక్షల 44 వేలు అవుతుంది, 40 శాతంతో 11 లక్షల 20 వేలు అవుతుంది. ఆ పెరిగిన ధర మీద మళ్లీ జీవిత పన్ను పడుతుంది.

దీని ఫలితం వింతగా ఉంటుంది. నెక్సాన్, వెన్యూ, సోనెట్, ఎక్స్‌యూవీ 3ఎక్స్ఓ వంటివి పెట్రోలు, డీజిల్ రెండింటిలోనూ ఈ గీత లోపలే ఉన్నాయి. బొలెరో కూడా లోపలే. బ్రెజ్జా మాత్రం పొడవు 4 మీటర్ల లోపే అయినా, పెట్రోలు ఇంజిను 1462 సీసీ కావడం వల్ల గీత దాటింది. క్రెటా, సెల్టోస్, గ్రాండ్ విటారా వంటివి పొడవు వల్లనే బయట ఉన్నాయి. గీత బయట ఉన్న బండి కొనకూడదని నేను చెప్పడం లేదు. ఆ అదనపు డబ్బులో కొంత భాగం బండికి కాక పన్నుకు పోతోందని తెలిసి కొనండి. మీ నోటు పుస్తకంలో నలుగురి కంటే ఎక్కువ మంది, రెండు పెట్టెల కంటే ఎక్కువ సామాను కనిపించకపోతే, గీత లోపలి బండ్ల దగ్గరే ఆగడం మంచిది.

4. ఇంధనాన్ని లెక్కతో ఎంచుకోండి

డీజిల్ బండి మైలేజీ ఎక్కువ కాబట్టి లాభమన్న నమ్మకం మన వైపు ఇంకా బలంగా ఉంది. లెక్క చేసి చూద్దాం. పెట్రోలు లీటరు 110 రూపాయలు, డీజిల్ 98 రూపాయలు అనుకుందాం. పెట్రోలు బండి లీటరుకు 15 కిలోమీటర్లు, డీజిల్ బండి 19 కిలోమీటర్లు ఇస్తాయనుకుంటే, కిలోమీటరుకు సుమారు రెండు రూపాయల పదిహేడు పైసలు మిగులుతాయి. డీజిల్ బండి లక్షన్నర ఎక్కువ ధర అయితే, ఆ మొత్తం తిరిగి రావడానికి సుమారు 69 వేల కిలోమీటర్లు నడపాలి. సంవత్సరానికి 10 వేలు తిరిగేవారికి అది దాదాపు ఏడేళ్లు. 25 వేలు తిరిగేవారికి మూడేళ్ల లోపు. మీ ఊరి బంకు ధరలతో, మీరు రాసుకున్న కిలోమీటర్లతో ఈ లెక్కను మీరే మళ్లీ వేయండి.

హెచ్చరిక: ఇప్పటి బీఎస్6 (కాలుష్య ప్రమాణం) డీజిల్ బండ్లలో పొగలోని మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. ఆ మసి కాలిపోవాలంటే బండి అప్పుడప్పుడు రహదారి మీద ఇరవై, ముప్పై నిమిషాలు ఒకే వేగంతో నడవాలి. రోజూ రెండు మూడు కిలోమీటర్లు బడికి, మార్కెట్టుకు తిరిగే డీజిల్ బండిలో ఆ ఫిల్టరు నిండిపోయి హెచ్చరిక దీపం వెలుగుతుంది. మా దగ్గరి బంధువు ఒకరు పట్టణం లోపలే తిరుగుతూ డీజిల్ బండి కొని, ఏడాదిలో మూడుసార్లు సర్వీసు సెంటరు చుట్టూ తిరిగారు. ఆయన వాడకానికి ఆ ఇంధనం తగదు, బండిలో లోపమేమీ లేదు. శ్రీకాకుళం నుంచి విశాఖపట్నానికి వారంలో రెండు మూడుసార్లు వెళ్లేవారికి, సాలూరు ఘాట్ మీదుగా కోరాపుట్ వైపు సరుకు పనుల మీద తిరిగేవారికి మాత్రం డీజిల్ ఇప్పటికీ చక్కని ఎంపిక. బరువుతో ఎత్తు ఎక్కేటప్పుడు తక్కువ గేరులోనే లాగే శక్తి దానిలో ఉంది.

సీఎన్‌జీ కావాలనుకుంటే, బంకు మీ రోజువారీ దారిలోనే ఉందా, వరుసలో ఎంతసేపు నిలబడాలి అన్నవి స్వయంగా వెళ్లి చూడండి. డిక్కీలో సిలిండరు ఎంత స్థలం తీసుకుంటుందో సామానుతో సహా పెట్టి చూడండి. విద్యుత్ బండి ఇంట్లో సొంత పార్కింగు, సొంత మీటరు ఉన్నవారికి, రోజుకు వంద కిలోమీటర్ల లోపు తిరిగేవారికి నిజంగా చౌక. కంపెనీ చెప్పిన దూరంలో మూడింట రెండు వంతులే లెక్కలోకి తీసుకోండి. తుఫాను తర్వాత కరెంటు రోజుల తరబడి రాని ఊరు మీదైతే, ఇంట్లో ఇంకొక వాహనం ఉంటేనే దాని వైపు వెళ్లండి. పెట్రోలు ఇంజినుతో పాటు విద్యుత్ మోటారుతోనూ నడిచే స్ట్రాంగ్ హైబ్రిడ్ పట్టణపు రద్దీలో బాగా ఆదా చేస్తుంది. రహదారి ప్రయాణమే ఎక్కువైతే దాని అదనపు ధర తిరిగి రావడం నిదానం.

5. బండి ఎత్తును, చక్రాలను మీ రోడ్డుతో సరిపోల్చండి

ఎస్‌యూవీ అన్న పేరున్న బండ్లలో అత్యధిక భాగం ముందు చక్రాలతోనే నడుస్తాయి. వాటి ఎత్తు స్పీడ్ బ్రేకర్లకు, గతుకులకు పనికొస్తుంది. బురదలో దిగబడితే అవి మామూలు కారులాగే దిగబడతాయి. నేల నుంచి ఎత్తు నెక్సాన్‌కు 208, బ్రెజ్జాకు 198, క్రెటాకు 190 మిల్లీమీటర్లు. మన పల్లె రోడ్లకు 180 దాటితే దాదాపు సరిపోతుంది. ఈ అంకెలు ఖాళీ బండివి. అయిదుగురు ఎక్కి, వెనుక రెండు జీడిపిక్కల బస్తాలు వేస్తే ఎత్తు తగ్గుతుంది.

వానాకాలంలో తోటలకు, ఏజెన్సీ గ్రామాలకు నిత్యం వెళ్లేవారికి ఛాసిస్ మీద కట్టిన, వెనుక చక్రాలతో నడిచే బొలెరో వంటివి, ఇంకా కష్టమైన దారి అయితే నాలుగు చక్రాలతో నడిచే థార్ వంటివి తగినవి. వీటితో రహదారి మీద కుదుపు, మలుపుల్లో ఊగడం ఎక్కువ. వెనుక సీటులో పిల్లలకు కడుపులో తిప్పడం కూడా చూశాను. కాబట్టి నెలకు కనీసం నాలుగైదుసార్లు అలాంటి దారి మీ పుస్తకంలో లేకపోతే వీటి జోలికి వెళ్లవద్దు.

కళింగపట్నం, బారువ, భావనపాడు వంటి తీరపు ఊళ్లలో ఉండేవారు ఒక జాగ్రత్త తీసుకోవాలి: ఉప్పుగాలి బండి అడుగుభాగాన్ని త్వరగా తినేస్తుంది. కొన్న మొదటి నెలలోనే అడుగుభాగానికి తుప్పు నిరోధక పూత వేయించి, వారానికొకసారి కింద మంచినీటితో కడిగించండి.

6. భద్రతను ముందు, అలంకారాన్ని తర్వాత చూడండి

ఇక్కడ నేను రాజీపడను. ఆరు ఎయిర్‌బ్యాగులు, ఈఎస్‌సీ అనే స్థిరత్వ నియంత్రణ, అయిదు సీట్లకూ మూడు బిందువుల బెల్టు, ఘాట్ మీద వెనక్కి జారనివ్వని హిల్ హోల్డ్ ఉన్న కనీస వేరియంట్ ఏదో కనుక్కుని, అక్కడి నుంచి మాత్రమే ఎంపిక మొదలుపెట్టండి. 2023 అక్టోబరు నుంచి మన దేశంలో బండిని ఢీకొట్టించి భద్రతను కొలిచే భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలు జరుగుతున్నాయి. మీరు కొనే మోడల్‌కు వచ్చిన నక్షత్రాలను, ముఖ్యంగా పిల్లల భద్రతకు వచ్చిన మార్కులను, దాని వెబ్‌సైటులో చూడండి. ఆ మోడల్ పాత తరానికి వచ్చిన మార్కులను కొత్త తరానికి అంటగట్టి చెప్పే అమ్మకందారులు ఉంటారు. పరీక్షించిన సంవత్సరం చదవండి.

డబ్బు సరిపోక ఏదైనా వదులుకోవలసి వస్తే సన్‌రూఫ్‌ను, పెద్ద అల్లాయ్ చక్రాలను వదులుకోండి. పెద్ద చక్రాలకు టైరు అంచు సన్నగా ఉంటుంది కాబట్టి లోతైన గోతిలో పడితే టైరు పక్కభాగం చిట్లే ప్రమాదం ఎక్కువ, మార్చే ఖర్చూ ఎక్కువ. మన ఉక్కపోతకు సన్‌రూఫ్ కంటే వెనుక సీటుకు ఏసీ గాలి వచ్చే ఏర్పాటు ఎన్నో రెట్లు ముఖ్యం.

7. సర్వీసు సెంటరు దూరం కొలవండి

మీకు నచ్చిన కంపెనీకి మీ జిల్లా కేంద్రంలో సర్వీసు సెంటరు ఉందా, లేక ప్రతిసారీ విశాఖపట్నం వెళ్లాలా? విజయనగరం నుంచైతే అది సుమారు 60 కిలోమీటర్లే; ఇచ్ఛాపురం, సోంపేట వైపు నుంచైతే ఒక రోజు పని పోతుంది. ఒక ఉదయం ఆ సర్వీసు సెంటరు బయట నిలబడి, అదే మోడల్ వాడుతున్న ముగ్గురిని అడగండి: విడిభాగం కోసం ఎన్ని రోజులు ఆగారు? చెప్పిన ఖర్చుకు, వేసిన బిల్లుకు తేడా ఎంత? ఇంటర్నెట్‌లో చదివే వంద అభిప్రాయాల కంటే ఈ ముగ్గురి మాట మీకు ఎక్కువ పనికొస్తుంది.

8. టెస్ట్ డ్రైవ్‌ను మీ రోడ్డు మీద చేయండి

ఈ పాటికి మీ జాబితాలో రెండు, మహా అయితే మూడు బండ్లు మిగలాలి. అంతకంటే ఎక్కువ ఉంటే మొదటి అడుగుకు వెనక్కి వెళ్లండి. షోరూమ్ ముందు ఒక కిలోమీటరు తిప్పి తీసుకువచ్చే టెస్ట్ డ్రైవ్‌ను ఒప్పుకోవద్దు. కనీసం నలభై నిమిషాలు, ఇంటివారందరితో, ఏసీ నడుస్తుండగా, ఈ వరుసలో చేయండి.

మొదట ఇంటికి తీసుకురమ్మనండి. గేటులోంచి లోపలికి పెట్టి చూడండి. నెక్సాన్ వెడల్పు 1804, క్రెటా 1790, స్కార్పియో ఎన్ 1917 మిల్లీమీటర్లు. ఇవి అద్దాలు కలపని కొలతలు. సందులో బండిని నిలిపి, నాలుగు తలుపులూ తెరుచుకుంటాయో లేదో చూడండి.

తర్వాత పెద్దవారిని ఎక్కించండి. మోకాళ్ల నొప్పులున్న అమ్మగారు చీర కట్టుకుని ఎవరి చేయీ పట్టుకోకుండా ఎక్కి దిగగలరా? నడుము వంచనవసరం లేకుండా సీటు మీద కూర్చోగలరా? చాలా ఎత్తైన బండ్లు ఈ పరీక్ష దగ్గరే తప్పుతాయి, అయినా ఎవరూ ఈ పరీక్ష చేయరు.

ఆ తర్వాత మీ వీధిలోని అతి చెడ్డ స్పీడ్ బ్రేకరు మీదుగా నడిపి, వెనుక కూర్చున్నవారిని అడగండి. రహదారి మీద 80 కిలోమీటర్ల వేగంలో లారీని దాటి చూడండి. దాటడానికి ఎంతసేపు పట్టిందో, ఇంజిను ఎంత అరిచిందో గమనించండి. ఘాట్ దగ్గర లేకపోతే ఒక ఫ్లైఓవర్ వాలు మీద ఆపి, బ్రేకు వదిలి ముందుకు కదలండి. ఆటోమేటిక్ కొనేవారికి ఈ పరీక్ష మరీ ముఖ్యం: ఏఎంటీ రకం చౌక, మైలేజీ మంచిది, కాని గేరు మారేటప్పుడు ఒక క్షణం ఆగినట్టు ఉంటుంది, టార్క్ కన్వర్టర్ రకం వాలు మీద నెమ్మదిగా, నమ్మకంగా లాగుతుంది. కొండ దిగేటప్పుడు గేరును చేత్తో తగ్గించే వీలు తప్పనిసరిగా ఉండాలి, లేకపోతే బ్రేకులు వేడెక్కుతాయి.

వీలైతే రాత్రిపూట ఒకసారి హెడ్‌లైట్లు చూడండి. రహదారి దాటి లోపలి ఊళ్ల రోడ్లలోకి మళ్లిన తర్వాత వాటి విలువ తెలుస్తుంది.

9. ధర మాట్లాడడం, బుకింగ్

మూడు షోరూమ్‌ల నుంచి ఒకే వేరియంట్‌కు కాగితం మీద ఆన్‌రోడ్ కొటేషన్ తీసుకోండి. విశాఖపట్నం నుంచి ఒకటి ఉండాలి. వరుస వరుసా పోల్చండి. "హ్యాండ్లింగ్ ఛార్జీలు" అన్న వరుస కనిపిస్తే అది దేనికి అని అడిగి, దానికి విడిగా రసీదు ఇవ్వమనండి. చాలాసార్లు అక్కడితో ఆ వరుస పోతుంది. బీమాను షోరూమ్‌లోనే తీసుకోవాలన్న నిర్బంధం లేదు. అవే రక్షణలతో బయట ఎంత అవుతుందో చూసి, ఆ కాగితం ముందు పెట్టండి. కొత్త కారుకు మూడేళ్ల థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి. దానికి తోడు జీరో డిప్రిసియేషన్ (విడిభాగాల తరుగుదల కోత లేకుండా క్లెయిము ఇచ్చే రక్షణ), ఇంజిను రక్షణ తీసుకోండి. వంశధార, నాగావళి పొంగే ప్రాంతంలో ఇంజిను రక్షణ లేకుండా ఉండవద్దు. నీటిలో ఆగిపోయిన బండిని మళ్లీ స్టార్ట్ చేస్తే ఇంజినులోకి నీరు వెళ్లి పాడవుతుంది, మామూలు పాలసీ ఆ నష్టాన్ని చెల్లించదు.

బుకింగ్ మొత్తం తక్కువగా కట్టండి. రద్దు చేసుకుంటే ఎన్ని రోజుల్లో, ఎంత తిరిగి వస్తుందో బుకింగ్ ఫారం మీదే రాయించుకోండి.

10. డెలివరీకి ముందు తనిఖీ

రిజిస్ట్రేషన్ జరగకముందే, పగటి వెలుతురులో, బండిని ఒక గంట చూడండి. రిజిస్ట్రేషన్ అయిపోయిన తర్వాత లోపం కనిపిస్తే బండి మార్చడం దాదాపు అసాధ్యం.

ఛాసిస్ నంబరు, ఇంజిను నంబరు ఇన్వాయిస్‌తో సరిపోవాలి. తయారైన నెల, సంవత్సరం ప్లేటు మీద చూడండి. టైరు పక్కన నాలుగు అంకెలుంటాయి. 2325 అని ఉంటే 2025లో 23వ వారంలో తయారైందని అర్థం. అయిదు టైర్ల తేదీలూ, స్టెప్నీతో సహా, దగ్గరదగ్గరగా ఉండాలి. రీడింగ్ వంద కిలోమీటర్లు దాటి ఉంటే కారణం అడగండి. తలుపుల అంచుల మధ్య సందు ఒకేలా ఉందా, పెయింటు రంగు ఒక భాగంలో తేడాగా ఉందా అన్నది పక్క నుంచి వంగి చూస్తే తెలుస్తుంది. ఇంజిను స్టార్ట్ చేసి పది నిమిషాలు ఏసీతో ఉంచి, కింద నూనె చుక్కలు పడ్డాయేమో చూడండి. నీటి చుక్కలు ఏసీవి, వాటికి కంగారు అక్కర్లేదు. అద్దాల మీద తేదీ గుర్తులు వేరువేరుగా ఉంటే ఒక అద్దం మార్చారని అనుమానించండి.

తరచూ జరిగే మరికొన్ని పొరపాట్లు

చిన్న బండి టాప్ వేరియంట్ ధరకు పెద్ద బండి బేస్ వేరియంట్ వస్తుందని ఆశపడి, భద్రతా సదుపాయాలు తక్కువగా ఉన్న పెద్ద బండిని కొనడం నేను ఎక్కువగా చూసే పొరపాటు. రెండోది, పండుగ తగ్గింపు "ఈ రోజే ఆఖరు" అన్న మాటకు లొంగి టెస్ట్ డ్రైవ్ లేకుండా బుక్ చేయడం. ఆ తగ్గింపులు సంవత్సరాంతంలోనూ చాలాసార్లు వస్తాయి. అయితే డిసెంబరులో కొంటే తయారీ సంవత్సరం పాతబడి, తిరిగి అమ్మేటప్పుడు ధర తగ్గుతుందని లెక్కలో పెట్టుకోండి. మూడోది, బయట దుకాణంలో ఎక్కువ వెలుగిచ్చే లైట్లు, హారన్లు పెట్టించి వైర్లు కోయించడం. దానితో విద్యుత్ భాగాల వారంటీని కంపెనీ నిరాకరించవచ్చు. ముందు బంపరుకు ఇనుప గార్డు అసలే వద్దు. అది ఎయిర్‌బ్యాగులు సరైన క్షణంలో తెరుచుకోవడానికి అడ్డుపడుతుంది, చట్టం కూడా ఒప్పుకోదు.

ఎంపిక సరైనదో కాదో సరిచూసుకోవడం

మైలేజీని డ్యాష్‌బోర్డు అంకెతో కాకుండా ట్యాంకుతో కొలవండి. ఒకే బంకులో పంపు తానంతట ఆగే దాకా నింపి రీడింగ్ రాయండి; మూడు వందల కిలోమీటర్లు తిరిగాక అదే బంకులో అదే విధంగా నింపి, తిరిగిన దూరాన్ని పట్టిన లీటర్లతో భాగించండి. మూడుసార్లు చేసి సగటు తీయండి. మొదటి సర్వీసు ముందు కొలిచిన అంకెను చూసి నిరాశపడవద్దు. కొత్త ఇంజిను సర్దుకోవడానికి కొన్ని వేల కిలోమీటర్లు పడుతుంది.

మూడు నెలల తర్వాత పాత నోటు పుస్తకం మళ్లీ తీసి, ఈసారి బండితో చేసిన ప్రయాణాలను పక్క పేజీలో రాయండి. రహదారి కిలోమీటర్లు మీరు అనుకున్న దానికంటే పెరిగి, మడపాం, నాతవలస టోల్‌గేట్లు తరచూ దాటుతున్నారని తేలితే, 2025 ఆగస్టు 15న 3,000 రూపాయలతో మొదలైన, 200 ట్రిప్పులు వర్తించే ఫాస్టాగ్ వార్షిక పాసు లెక్క వేసి చూడండి. వెనుక సీటులో కూర్చునేవారిని విడిగా అడగండి: మలుపుల్లో తల తిరుగుతోందా, గాలి అందుతోందా, ఎక్కడం కష్టంగా ఉందా? ఇటువంటివి సీటు కవరుతో, మెట్టు పలకతో, టైర్లలో గాలి ఒత్తిడిని కరపుస్తకంలో చెప్పిన అంకెకు తేవడంతో చాలావరకు సరిదిద్దుకోవచ్చు. ఒత్తిడిని ఉదయం బండి కదలకముందే కొలవండి. ఎండలో నడిపి వచ్చాక కొలిస్తే అంకె ఎక్కువగా చూపుతుంది, అది చూసి గాలి తీయించేస్తే మర్నాడు టైర్లు తక్కువ గాలితో నడుస్తాయి.